నలభై ఏడో నంబరు ఇంటికి గృహిణి కావలెను

అప్పలకొండ తన ఇంటి హాల్లో, మెట్ల పక్కన, ఇనప రెయిలింగు బిగించాడు సోమవారం పొద్దున్న. బుధవారం మధ్యాహ్నానికి దాన్ని పీకడానికి జీపు వచ్చింది. ప్రభుత్వం అంత వేగంగా కదలడం ఆ కాలనీ పుట్టాక ఎవరూ చూడలేదు. కరెంటు తీగ తెగి రోడ్డు మీద పడితే మూడు రోజులకు గాని రాని మనుషులు, రెండంగుళాల గొట్టం కోసం రెండు రోజులకే పరిగెత్తుకొచ్చారంటే ఆ గొట్టంలో ఏదో మహత్యం ఉండే ఉంటుందని ఇరుగుపొరుగు వాళ్ళు చూడ్డానికి చేరారు.

హాల్లో మెట్లేమిటని మీకు అనుమానం రావచ్చు. అది చెప్పాలంటే పందొమ్మిది వందల యాభై తొమ్మిదికి వెళ్ళాలి. ఊరి చివర బాయిలర్ల ఫ్యాక్టరీ పెట్టి, పనివాళ్ళకి కాలనీ కడుతున్న రోజులవి. దేశమంతా కొత్తదనం మీద మోజు. పాత పెంకుటింట్లో ఉంటే మనిషికి పాత బుద్ధులే ఉంటాయని, కొత్తరకం ఇంట్లో పెడితే మనిషి కూడా కొత్తవాడైపోతాడని పెద్దలు గట్టిగా నమ్మారు. అందుకని సముద్రాలు దాటించి ఒక ఆర్కిటెక్టుని పిలిపించారు. ఆయన వారం రోజులు గెస్టుహౌసులో ఉండి, ఊళ్ళో ఒక్క వంటగదిలోకైనా తొంగి చూడకుండా, వంద ఇళ్ళు గీసి ఓడెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి చదునైన కప్పు. గోడలు ఉండాల్సిన చోట సిమెంటు జాలీలు. నున్నటి మొజాయిక్ గచ్చు. అటక లేదు, దేవుడికి గూడు లేదు, ఆవకాయ జాడీకి చోటు లేదు. వీటన్నిటికీ బదులు హాలు నడిమధ్యలో మూడు మెట్లు దిగి కూర్చోవడానికి పెద్ద గొయ్యి. చలిదేశాల్లో కుటుంబమంతా అలాంటి చోట మంట చుట్టూ చేరి కబుర్లు చెప్పుకుంటారట. పడకగది గొయ్యికి ఒక పక్క, వంటగదీ స్నానాలగదీ రెండో పక్క. అటునుంచి ఇటు రావాలంటే మూడు మెట్లు దిగి, మూడు మెట్లు ఎక్కాల్సిందే. ఇంట్లోవాళ్ళు దారిలోనైనా ఒకరికొకరు ఎదురుపడి మాట్లాడుకోవాలని ఆయన ఉద్దేశం.

జనం కొన్నాళ్ళు నవ్వుకుని, తర్వాత ఇంటిని దారికి తెచ్చుకున్నారు. జాలీలకి గోనెపట్టాలు కట్టారు. పుస్తకాల అరలో వెంకటేశ్వరస్వామిని కూర్చోబెట్టారు. కప్పు మీద వడియాలు ఎండబెట్టుకున్నారు, వానొస్తే అదే కప్పు నీళ్ళు తెచ్చి గొయ్యిలో పోసేది. గొయ్యిలో కొందరు ధాన్యం పోశారు, కొందరు కోళ్ళు పెంచారు, కబుర్లు మాత్రం అందరూ వీధి అరుగు మీదే చెప్పుకున్నారు. అరవై ఏళ్ళలో ఒక్కొక్కరే ఆ ఇళ్ళు పడగొట్టి మేడలు లేపేశారు. మిగిలింది నలభై ఏడో నంబరు ఒక్కటే. అది ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన తోట అప్పలకొండది. పిల్లలు లేని ఇద్దరికి మేడెందుకని భార్య నూకరత్నం అనడంతో అది అలాగే ఉండిపోయింది.

ఆ నూకరత్నానికి కిందటేడు మోకాలి ఆపరేషనైంది. మొన్న గొయ్యి మెట్ల మీద జారిపడింది. ఇంకొక్కసారి పడితే మంచం దిగడం ఉండదని డాక్టరు తెగేసి చెప్పాడు. అప్పలకొండకి భయం పట్టుకుంది. అందుకే రెయిలింగు బిగించాడు.

సరిగ్గా ఆ ఏడాదే ఎవరో పెద్దలు విదేశాలు తిరిగి, అక్కడివాళ్ళు యాభైల నాటి సన్నకాళ్ళ కుర్చీల కోసం, చదును కప్పుల ఇళ్ళ కోసం ఎగబడుతున్నారని చూసి వచ్చారు. మనకీ అలాంటి ఇళ్ళుండేవే, మన గౌరవం మనం పడగొట్టుకున్నామే అని గుండెలు బాదుకుని, ‘నడిశతాబ్ది నవ్యవాస్తు పరిరక్షణ సంస్థ’ అని ఒకటి పెట్టారు. దానికి భవనం, జీపులు, నలభై మంది సిబ్బంది అమిరాక, పరిరక్షించడానికి ఇల్లు ఏదా అని వెతికారు. ఈ జిల్లాలో ఒక్కటే దొరికింది.

జీపులోంచి దిగినాయన ఉపపరిరక్షకుడు విద్యాపతి. చేతిలో ఫైలు, చంకలో గొట్టంలా చుట్టిన పాత డ్రాయింగు.

“ఏటి బాబూ, మా ఇంట్లో మా గొట్టం మీకేటి అడ్డొచ్చినాది?” అని అడిగాడు అప్పలకొండ.

“ఇది గొట్టం కాదు. అనధికార హస్తాలంబనము” అన్నారు విద్యాపతి. “మూలరూపకల్పనకు భంగము కలిగించు అంశము. ఆధునికతను ఏ మార్పూ లేకుండా, ఎలా ఉన్నదానిని అలా కాపాడవలసిన గురుతర బాధ్యత మాపై ఉన్నది.”

“మా ఇంటిది పడిపోతాది బాబూ!”

“పతనములపై మా సంస్థకు అభ్యంతరము లేదు. నిర్మాణములో మార్పులపైననే అభ్యంతరము.”

రెయిలింగు జీపెక్కింది. వెంకటేశ్వరస్వామి పుస్తకాల అరలోంచి వంటింట్లోకి దిగాడు. గుమ్మం ముందు ‘ఆధునిక వారసత్వ గృహము, తాకరాదు’ అని నీలం బోర్డు వెలిసింది.

అప్పలకొండ అర్జీ పెట్టాడు. డాక్టరు కాగితం జతచేశాడు. మూడు వారాలకి జవాబు వచ్చింది. “మీరు కోరిన హస్తాలంబనము విషయము కూలంకషముగా పరిశీలించడమైనది. మూలచిత్రములో గృహిణి కుర్చీలో ఆసీనురాలై ఉన్నారు. ఆసీనులైనవారికి మెట్లు ఎక్కు అవసరము ఉత్పన్నము కానందున అర్జీ తిరస్కరించడమైనది.”

అది రెండుసార్లు చదివి, అప్పలకొండ ఆఫీసుకి పరిగెత్తాడు.

విద్యాపతి బల్ల మీద డ్రాయింగు పరిచారు. నల్లసిరా గీతలు. గొయ్యిలో సన్నకాళ్ళ కుర్చీ, అందులో ఒకావిడ ఒళ్ళో పత్రిక పెట్టుకుని కూర్చుంది. కిటికీ పక్కన కోటు తొడుక్కున్న మగమనిషి నోట్లో పైపు పెట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ కాళ్ళ దగ్గర పొడుగు చెవుల కుక్క. అప్పలకొండకి నవ్వాగలేదు.

“అయ్యో బాబూ! ఇది కొలతకి గీసిన బొమ్మ. గది ఎంత ఎత్తో తెలాలంటే పక్కన మనిసిని గీత్తారు. నాను నలభై ఏళ్ళు డ్రాయింగులు సూసి పన్జేసినోణ్ణి. మా బాయిలరు డ్రాయింగులో కూడా పక్కనొక మనిసుంటాడు. అలాగని ఎవుణ్ణీ తెచ్చి నిలబెట్టలేదు గదేటి!”

“కొలత కోసమైతే కొలత వ్రాసి ఉండేవారు” అన్నారు విద్యాపతి. తర్వాత కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని డ్రాయింగు మీదికి వంగారు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. “అయితే ఇన్నాళ్ళూ ఈ గృహము అసంపూర్ణముగా ఉన్నదన్నమాట!”

మనుషుల్ని తెచ్చి నిలబెట్టే మాట తనే ఎత్తినందుకు అప్పలకొండ ఆ తర్వాత చాలా రోజులు తల బాదుకున్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. చిత్రములోని మనుష్యులు రూపకల్పనలో విడదీయరాని భాగములు. కావున నివాసితులు సందర్శన వేళల్లో, అంటే ఉదయం పది నుండి ఒంటిగంట వరకు, తిరిగి రెండు నుండి అయిదు వరకు, చిత్రానుసారము ఉండవలెను.

అప్పలకొండకి కోటు కుట్టించి ఇచ్చారు. పైపు ఇచ్చారు, పొగాకు మాత్రం ఇవ్వలేదు. ఆరోగ్య శాఖ ఒప్పుకోలేదట. మే నెల ఎండలో, చిల్లుల గోడ పక్కన, ఉన్ని కోటులో ఖాళీ పైపు కరిచి నిలబడితే అతనికి చెమటలు ధారగట్టేవి. కుక్క పోలీసు శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చింది. బాంబులు వాసన పట్టి రిటైర్మెంటుకి దగ్గరపడ్డ జాగిలం. వచ్చిన ప్రతివాడి సంచీనీ వాసన చూసి, టిఫిన్ డబ్బా కనిపిస్తే దాని ముందు కూర్చుని కదిలేది కాదు.

నూకరత్నం గొయ్యిలో కుర్చీలో కూర్చుంది. కుర్చీ నేలకి జానెడెత్తు. కూర్చుంటే లేవడం కష్టం, లేస్తే కూర్చోవడం కష్టం. స్కూలు పిల్లలు, కాలేజీ విద్యార్థులు వరసలు కట్టి వచ్చి ఆవిణ్ణి చూసి నోటుపుస్తకాల్లో రాసుకునేవారు. “సంభాషణ కుండములో విశ్రాంతి తీసుకొనుచున్న నవీన మహిళ” అని విద్యాపతి కర్రతో చూపించేవారు.

“నవీన మయిళకి బాత్రూముకి ఎల్లాల బాబూ” అంది నూకరత్నం మొదటిరోజు పదకొండింటికి.

విద్యాపతి డ్రాయింగు చూశారు. అందులో స్నానాలగది కనబడలేదు. ఆయన కఠినుడు కాదు. ఆలోచించి ఒక ఫారం తయారు చేయించారు. గృహిణి చిత్రములోనుండి బయటకు వెళ్ళుటకు అనుమతి పత్రము, మూడు ప్రతుల్లో. అయితే ఆవిడ లేచినప్పుడు చిత్రం అసంపూర్ణం అవుతుంది. ఆ చిక్కు తీర్చడానికి ఆఫీసు నుంచి టైపిస్టు స్వరూపరాణిని పంపించారు. ఆమె హోదా ‘ప్రత్యామ్నాయ గృహిణి’.

స్వరూపరాణి మంచి పిల్ల. నూకరత్నం చంక కింద చెయ్యేసి మెట్లెక్కించి, గబగబా దిగివచ్చి కుర్చీలో కూర్చునేది. అలా దిగుతూ నాలుగోరోజు తనే మడమ మెలికపడి కూలబడింది. ఆమె ప్రభుత్వోద్యోగి. పనిచేసే చోట రెండు మెట్లకి మించి ఉంటే సిబ్బంది భద్రత కోసం పట్టుకునే ఏర్పాటు ఉండి తీరాలని ప్రభుత్వ సర్క్యులరు ఉంది. ఉద్యోగ సంఘం వాళ్ళు ఆ సర్క్యులరు పట్టుకుని వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. సాయంత్రానికల్లా మెట్లకి రెండువైపులా మెరిసిపోయే స్టీలు రెయిలింగు లేచింది.

అప్పలకొండకి ప్రాణం లేచి వచ్చింది. పైపు జేబులో పెట్టి భార్య దగ్గరికి ఉరికాడు.

“రత్నం! పట్టుకోయే, పట్టుకుని ఎక్కు!”

నూకరత్నం దాని మీద చెయ్యి వేసింది. కుక్క గయ్యిమని లేచింది. అది కూడా సిబ్బందే మరి. రెయిలింగుకి తగిలించిన రేకు మీద ‘సిబ్బంది ఉపయోగార్థము మాత్రమే’ అని రాసి ఉందని అప్పుడు చూశారు.

“ఇప్పుడు మూలరూపకల్పనకి బంగం కాదేటి బాబూ?” అని అడిగాడు అప్పలకొండ.

“ఉద్యోగి భద్రతాసామగ్రి చిత్రమునకు లోబడదు” అన్నారు విద్యాపతి శాంతంగా. “నిబంధనల దృష్ట్యా అది అక్కడ ఉన్నప్పటికీ లేనట్లే. మీ సతీమణి పట్టుకొన్నచో మాత్రము ఉన్నట్లగును.”

ఆ వేళ నూకరత్నం మెట్లు పాక్కుంటూ ఎక్కింది. రెండు చేతులూ నేలకి ఆనించి, ఆపరేషను కాలు ఈడ్చుకుంటూ, మెరిసే రెయిలింగు పక్కనుంచే. కాలేజీ పిల్లలు తలలు తిప్పుకున్నారు. చిత్రం ప్రకారం కదలకుండా, కిటికీ దగ్గర కోటులో నిలబడ్డ అప్పలకొండకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఉపాయం స్వరూపరాణి చెప్పింది. “అమ్మా, నాకు నా టైపు మిషను దగ్గరికి వెళ్ళిపోవాలనుంది. ఈ గృహిణి పోస్టుకి నోటిఫికేషను వేస్తున్నారు. మీరే అర్జీ పెట్టేయండి. మీరు సిబ్బంది అయిపోతే ఆ రాడ్డు పట్టుకోవడానికి మిమ్మల్ని ఎవరాపుతారు?”

“నా ఇంట్లో నాకు ఉజ్జోగమేటమ్మా!” అని నూకరత్నం బుగ్గ నొక్కుకుంది. కానీ సాయంత్రం మళ్ళీ ఆ మెట్లు చూసి, “కాయితం తే” అంది.

నోటిఫికేషనులో విద్యార్హత అడగలేదు. వయోపరిమితి కూడా పెట్టలేదు. గృహిణికి పదవీ విరమణ వయసు ఏ చట్టంలోనూ వాళ్ళకి దొరకలేదట. అనుభవం మాత్రం పదేళ్ళు తప్పనిసరి, అదీ పనిచేసిన చోటి యజమాని ధ్రువపత్రంతో. ఆ పత్రం అప్పలకొండ రాయాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నాలుగు కాగితాలు చింపి, చివరికి ఇలా రాశాడు.

“తోట నూకరత్నం నలభై రెండేళ్ళుగా ఈ ఇంట్లో పనిచేయుచున్నది. సెలవు తీసుకోలేదు. తెల్లారి ఐదింటి షిఫ్టుకి నేను వెళ్ళిన ప్రతిరోజూ నా క్యారేజీలో వేడి అన్నం ఉన్నది. బాగుందని నేనెప్పుడూ చెప్పలేదు. రోజుకి ముప్పై సార్లు ఈ మెట్లు దిగి ఎక్కినది. ఫిట్టరునై యుండి, ఫ్యాక్టరీ వర్కుషాపులో గొట్టాలు నా కాళ్ళ కింద దొర్లుచుండగా, ఆమె పడిన తర్వాత గాని నేను రెయిలింగు పెట్టలేదు. ముందే పెట్టవలసినది. ప్రవర్తన మంచిది. నాది కాదు, ఆమెది.”

నూకరత్నానికి చదువు రాదు. స్వరూపరాణి చదివి వినిపించింది. నూకరత్నం ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, “ఇంత పెద్ద కాయితం నా మీద రాసినాడేటి!” అని చెంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇంటర్వ్యూకి ముగ్గురు సభ్యులు కూర్చున్నారు. ఒకాయన, “గృహిణిగా మీ దూరదృష్టి ఏమిటి?” అని అడిగారు.

“దూరం ఆనదు బాబూ. దగ్గిరికైతే పర్నేదు” అంది.

“ఒత్తిడిని ఎలా ఎదుర్కొంటారు?”

“ఏటుంటాది ఒత్తిడి? బియ్యం కడిగి పొయ్యి మీద పెడతాను.”

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకుని తలలాడించారు. వచ్చిన అరవై మందిలో నూకరత్నమే మొదటి ర్యాంకు. కాలనీలో మిఠాయి పంచారు. కుక్క కూడా తోక ఊపింది.

నియామక ఉత్తర్వులు విద్యాపతి స్వయంగా తీసుకువచ్చి చదివారు. “శ్రీమతి తోట నూకరత్నమును గృహిణిగా నియమించుటకు సంస్థ హర్షించుచున్నది. అయితే సిబ్బందిని స్వస్థలమునందు నియమించరాదన్న బదిలీ నిబంధనల మేరకు, వీరిని గోదావరి అవతల కాగితపు మిల్లు కాలనీలోని వారసత్వ గృహమునకు పంపడమైనది. అచ్చటి గృహిణియు ఇదే విధముగా ఎంపికైనందున ఆమెను ఇచ్చటికి పంపుచున్నాము.”

అప్పలకొండ పైపు నోట్లోంచి తీసి, “ఇది మా ఇల్లు బాబూ” అన్నాడు.

“అందువలననే గదా వీలుపడదు” అన్నారు విద్యాపతి. “సొంత ఇంటిలో నియమించినచో పక్షపాతమునకు తావు ఏర్పడును.”

అప్పలకొండ నరాలు చిట్లేలా అరవబోయాడు. నూకరత్నం చేత్తో ఆపింది.

“బాబూ, అక్కడ మెట్లకి రెయిలింగున్నాదా?”

విద్యాపతి ఫైలు తిప్పి చూశారు. “ఉన్నది. సిబ్బందికి.”

“నాను పట్టుకోవచ్చా?”

“మీరు సిబ్బందియే కదా.”

“అయితే ఎల్తాను” అంది.

అప్పలకొండ కోటు విప్పి కుర్చీ మీద వేశాడు. పైపు విద్యాపతి చేతిలో పెట్టాడు. “నానూ ఎల్తాను. నాకు ఉజ్జోగం గిజ్జోగం అక్కర్నేదు, దాని యెనకాల ఎల్తాను.”

విద్యాపతి కంగారుపడ్డారు. “మరి చిత్రములోని పురుషుడు?” అని నిబంధనల పుస్తకం తిరగేశారు. ఖాళీ అయిన ఏ స్థానానికైనా, తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు, పక్కనున్న అధికారే పూర్తి అదనపు బాధ్యత వహించాలని తొమ్మిదో నిబంధనలో స్పష్టంగా ఉంది. రాసిందీ ఆయనే. బాధ్యతలు స్వీకరించినట్టు రెండు ప్రతుల మీద సంతకం పెట్టి, కోటు తొడుక్కుని, కిటికీ పక్కన నిలబడ్డారు. కుక్క వచ్చి ఆయన్ని వాసన చూసింది. స్వరూపరాణి నవ్వు పెదాల మధ్య బిగబట్టి తన మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ రెండు సంచులతో కాలనీ మలుపులో బస్సు కోసం నిలబడ్డారు. ఆర్టీసీ బస్సు వచ్చి ఆగింది. ఎత్తు మెట్లు, సరిగ్గా మూడు. అప్పలకొండ సంచులు కింద పెట్టి, భార్యని పట్టుకుందామని రెండు చేతులూ చాచాడు.

నూకరత్నం అతనికేసి చూడనైనా లేదు. తలుపు పక్కనున్న రాడ్డు అందుకుంది. మంచి కాలు ముందు వేసి, ఆపరేషను కాలు దాని పక్కకి తెచ్చుకుని, ఒక మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోది ఎక్కి లోపల నిలబడి, ఆయాసపడుతూ వెనక్కి తిరిగింది. ఆవిణ్ణి చూసి ఏ కుక్కా అరవలేదు, ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది.

కింద రోడ్డు మీద అప్పలకొండకి ఏడుపొచ్చింది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

“ఏటయ్యా అలాగ సూత్తన్నావు?” అంది నూకరత్నం రాడ్డు వదలకుండానే. “ఎక్కు. జాగర్తగా పట్టుకుని ఎక్కు.”